ఒకే మేకు, మూడు డిజైన్లు

దీపావళి సెలవుల తర్వాత లాభ్‌పాంచమ్ నాడు సూరత్ మార్కెట్లు తెరుస్తారు. నా రిటైర్మెంటుకు ఏడాది ముందు, సరిగ్గా ఆ రోజునే, సలాబత్‌పురాలో మా చీరల మిల్లు డిజైన్లన్నీ కంప్యూటర్‌కెక్కించే పని నాకు అప్పగించారు. నా హోదా సిస్టమ్స్ మేనేజర్. నా కింద ఇద్దరు ఆపరేటర్లు.

పైథాన్‌లో రాసిన ఒక ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకున్నాను. లాగిన్లు, ఫారాలు, డేటాబేసు పనులు ముందే రాసిపెట్టిన సరంజామా అది. లోపలి కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ‘మోడల్’ అనే ఫైల్లో పట్టిక ఎలా ఉండాలో చెబితే చాలు, ఎంట్రీ పేజీ దానంతటదే తయారవుతుంది. అది మొదటిసారి తెరమీద కనబడ్డప్పుడు, అబ్బ, ఆ వయసులో చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాను! ఆ ఊపులోనే డిజైన్ నంబరు పక్కన ‘యూనిక్’ అని రాశాను. అంటే ఒకే నంబరుతో రెండో ఎంట్రీ తీసుకోదు.

మగ్గంలో ఏ పోగు లేవాలో చెప్పే చిల్లుల అట్టలు మా దగ్గర ఒక గది నిండా, కొన్ని గోడ మేకులకు వేలాడుతూ, కొన్ని కింద కట్టలుగా ఉండేవి. ఆపరేటర్లు కట్టల చీటీలు చూసి నంబర్లు కొట్టారు. ప్రోగ్రాం వద్దన్నవాటిని నేను నకళ్లు అనుకున్నాను. నకళ్లెందుకని మిల్లు యజమాని సేఠ్ వాటిని పాత కాగితాలు కొనే రద్దీవాడికి ఇచ్చేయమన్నారు.

అట్టల గది చూసే పద్మక్క సెలవు మీద సిరిసిల్ల వెళ్లి, ఆ బండి వచ్చిన రోజే తిరిగొచ్చింది. గుమ్మంలో రద్దీ బండి చూసి, చెప్పులైనా విడవకుండా నా గదిలోకి వచ్చింది.

“ఏంది సార్ గిది? నంబర్ మేకుది, డిజైన్‌ది కాదు! పాతయి దించినంక కొత్తయి గదే మేకుకు ఏస్తం. ఒక్క మేకు మీద మూడు డిజైన్లు నడిచినయ్. గవన్నీ మా బాపు చేత్తోని చిల్లులు కొట్టిన అట్టలు.”

పరుగెత్తి బండి ఆపించాను. అప్పటికే ఒక బండెడు అట్టలు వెళ్లిపోయాయి. వాటిలో ఆమె తండ్రి చివరగా కొట్టిన నెమలి అంచు డిజైన్ ఉంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె కళ్లు తుడుచుకుని, “పోయింది పోయింది సార్. ఉన్నయన్న జర సక్కగ రాయిండ్రి” అని, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది.

మేకు నంబరు వేరు, డిజైన్ గుర్తింపు వేరు చేశాం. ప్రతి ఎంట్రీకి ఆ ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తుంది. నేను దాన్ని నమ్ముకుని ఉంటే సరిపోయేది. ‘యూనిక్’ అని రాసేముందు ఆ వస్తువును రోజూ చేత్తో పట్టుకునే మనిషిని అడగాలని అప్పుడు తెలుసుకున్నాను. తప్పు దిద్దడానికి నాకు ఒక్క లైను మార్చడం సరిపోయింది. నెమలి అంచు మళ్లీ కొట్టడానికి మాత్రం పద్మక్క తండ్రి లేడు.