నాలుగు వందల యాభై ఏడు కిలోలు

ఆ ఆడగుర్రం బరువు అయిదు వందల రెండు కిలోలని నేను రాశాను. నాలుగు వందల యాభై ఏడని దాని సయీసు అన్నాడు. ఒక్క ఫోన్ చేస్తే ఎవరిది నిజమో తేలిపోయేది. నేను చేయలేదు.

మీర్‌పేట దాటాక ఒక రేకుల షెడ్డులో గుర్రాలకు ఆపరేషన్లు చేసే చిన్న ప్రైవేటు ఆస్పత్రి ఉండేది. అక్కడి మందుల గది నాది. చదివింది పదో తరగతి. లెక్కలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. బరువును బట్టి మత్తు ఎన్ని మిల్లీలీటర్లో నేను కాగితం మీద లెక్క కట్టి ఇస్తే, డాక్టరమ్మ చూసి సంతకం పెట్టేది. ఏడేళ్లలో ఒక్క తప్పు రాలేదు. ఆ సంగతి అందరికీ నేనే చెప్పుకునేవాణ్ణి.

మాది గుంటూరు వైపు. ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకుని పదహారేళ్లయినా, ఉద్యమం రోజుల్లో నోరు విప్పితే చాలు, ఎక్కడివాణ్ణో తెలిసిపోయేది. "మీదే ఊరు సార్?" అన్న పాత ప్రశ్నే కొత్త గొంతుతో వినిపించేది. నేనూ ఊరుకునే రకం కాదు. ఎదుటివాడు ఒకటి అంటే రెండు అనేవాణ్ణి.

సయీసు అంటే గుర్రాన్ని సాకే మనిషి. ఈయనది నల్లగొండ వైపు. నాకంటే రెండేళ్లు పెద్ద. చొక్కాకు ఎప్పుడూ జై తెలంగాణ బిళ్ల ఉండేది. మొదటిసారి చూసినప్పుడు మా ఊరి అలవాటు కొద్దీ "ఏమోయ్, ఇలా రా" అన్నాను.

"ఏమోయ్ గీమోయ్ అనకు సారూ. నేను నీ పాలేరును గాను," అన్నాడు.

ఆ తర్వాత మేం పనికి అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. అవి కూడా తిట్లలాగే ఉండేవి.

ఒక బంద్ రోజు పొద్దున మలక్‌పేట గుర్రప్పందేల మైదానంలో పరుగు సాధన చేస్తుండగా ఆ గుర్రం ముందు ఎడమకాలు విరిగింది. డాక్టరమ్మ నన్ను కట్టు సామాను, నొప్పి మందు ఇచ్చి పంపింది. కాలికి చెక్కల కట్టు వేసి వ్యాన్ ఎక్కించేసరికి పది దాటింది. యజమాని ఫోన్‌లో ఒకటే అన్నాడు: మళ్లీ పందెంలో పరుగెత్తేట్టయితేనే నా దగ్గర ఉంటుంది, లేకపోతే అమ్మేస్తాను. సయీసు దాన్ని రెండేళ్ల పిల్లప్పటి నుంచి పెంచాడు. ఆ మాట విని, గుర్రం మెడ మీది చెయ్యి తీయకుండానే వ్యాన్‌లో నిలబడ్డాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డుకు అడ్డంగా జనం కూర్చుని ఉన్నారు. నేను దిగి, "కాస్త దారివ్వండి బాబూ, అర్జెంటు," అన్నాను.

"కాస్త అంట! బాబూ అంట!" అన్నాడొకడు. "అన్నా, గుర్రం గూడ ఆంధ్రదేనా?"

సయీసు వెనక తలుపు తెరిచి, "గుర్రం పుణెల పుట్టింది తమ్మీ. కాలిరిగింది. కావాలంటే ఈ సారును మీ దగ్గర్నే ఉంచుకొని, గుర్రాన్ని ఇడువుండ్రి," అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. దారి ఇచ్చారు. ఆ నవ్వు ఎల్బీ నగర్ చౌరస్తా దాటినా నా చెవుల్లోంచి పోలేదు.

అంతవరకు మా దగ్గరికి వచ్చిన గుర్రాలు కాంటా ఎక్కేవి, లేదా మైదానం నుంచి బరువు చీటీతో వచ్చేవి. ఇది మూడు కాళ్ల మీద ఉంది, కాంటా ఎక్కలేదు. బంద్ వల్ల చీటీ రాసే మనిషీ లేడు. నేను టేపు తీశాను. ఛాతీ చుట్టుకొలత డెబ్బై రెండు అంగుళాలు, ఒంటి పొడవు అరవై నాలుగు. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్లీ హెచ్చవేసి, మూడు వందలతో భాగిస్తే పౌండ్లు వస్తాయి. కిలోల్లోకి మార్చాను. అయిదు వందల రెండు.

"అంత లేదు," అన్నాడు సయీసు. "శుక్రారం నేనే కాంటా ఎక్కించిన. నాలుగు వందల యాభై ఏడు. ఫోన్ కొట్టు, ఆడ వాచ్‌మెన్ ఉంటడు, రిజిస్టర్ చూసి చెప్తడు."

"నోటి లెక్కలు నాకొద్దు. టేపు అబద్ధమాడదు."

"టేపు అబద్ధం ఆడదు సారూ. పట్టుకున్నోడు ఆడ్తడు."

ఆ మాటతో, ఫోన్ దగ్గరికి పోవాల్సిన వాణ్ణి కాగితం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

ఆపరేషన్ బాగా జరిగింది. గిట్ట పైకీలు దగ్గర మొదలైన పగులు, పొడుగు ఎముకలో నిలువుగా పైకి పోయింది. డాక్టరమ్మ ఎముకకు అడ్డంగా రంధ్రం చేసి, కొక్కెం ఉన్న కొలపుల్లతో లోతు చూసి అంకె చెప్పేది. నేను ఆ పొడవు స్క్రూ అందించేవాణ్ణి. యాభై రెండు మిల్లీమీటర్లు, యాభై, నలభై ఆరు. మూడు స్క్రూలు బిగిసేసరికి ఎక్స్‌రేలో పగులు గీత కనిపించలేదు. "పరుగెత్తొచ్చు," అందామె. సయీసు రెండు చేతులూ జోడించాడు, ఆమెకే.

గుర్రానికి ఆపరేషన్ కంటే లేవడమే గండం. సగం మెలకువలోనే బెదిరి పైకి లేవబోతుంది. అందుకే నాలుగు గోడలకూ పరుపులు కొట్టిన గదిలో పడుకోబెట్టి, తలకో తాడు, తోకకో తాడు కట్టి, గోడ కడియాల్లోంచి ఇద్దరు లాగి పట్టుకుంటారు. తొందరపడి లేవకుండా కొంచెం మత్తు కూడా ఇస్తారు. అదీ నా కాగితంలోని బరువు ప్రకారమే ఇచ్చారు. బంద్ వల్ల మిగతావాళ్లు రాలేదు. తల తాడు సయీసు పట్టాడు, తోక తాడు నేను.

లేవాల్సిన వేళ దాటి ఇరవై నిమిషాలయినా అది కదల్లేదు.

"ఎంత పోసినవ్ సారూ?" అన్నాడు అటువైపు నుంచి.

"లెక్క ప్రకారమే."

అది లేవబోయింది. వెనక కాళ్లు నిలవలేదు. పట్టీ వేసిన కాలి మీదే పడింది. రెండోసారీ అంతే. మూడోసారి నిలబడింది, వణుకుతూ. మళ్లీ ఎక్స్‌రే తీస్తే పై స్క్రూ వంగి ఉంది. పగులు వెంట్రుకంత తెరుచుకుంది.

మర్నాడు డాక్టరమ్మ నా కాగితం చూస్తూ అడిగింది. "ఈ మూడు వందలు ఎక్కడివి?"

"మా ఊళ్లో గేదెల బేరంలో అలాగే కడతారండి."

"గేదెలకు మూడు వందలు. గుర్రానికి మూడు వందల ముప్పై. నేనూ చూడకుండా సంతకం పెట్టాను."

అక్కడే నిలబడి మళ్లీ కట్టాను. నాలుగు వందల యాభై ఆరు. పదోవంతు ఎక్కువ మత్తు ఇచ్చాం. దానివల్లే పడిందా అని అడిగాను. "అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేను," అందామె. ఆ రెండింటిలో మొదటి మాటనే నేను గట్టిగా పట్టుకున్నాను. సయీసుకు ఆమే స్వయంగా చెప్పింది. నేను మందుల గదిలోనే ఉండిపోయాను.

మూడు నెలలకు గుర్రం నడిచింది. పరుగుకు పనికిరాదని తేలింది. పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పేవాళ్లకు యజమాని అమ్మేశాడు. పంపేముందు కాంటా ఎక్కించాలి. సయీసే ఎక్కించి, నన్ను పిలిచాడు.

"సదువు సారూ."

"నాలుగు వందల ముప్పై ఒకటి."

"ఇయ్యాల్టిది గాదు. ఆ రోజుదెంత?"

ఆ రోజు బరువు ఇక ఏ కాంటా చెప్పలేదు. "నాలుగు వందల యాభై ఆరు," అన్నాను.

"యాభై ఏడు," అన్నాడు. "ఇప్పటికి గూడ ఒక్క కిలో కాడన్న నీ మాటే నెగ్గాలె."

నేను చీటీ మీద నాలుగు వందల ముప్పై ఒకటి అని రాసి, సంతకం పెట్టి చాపాను. ఆయన గుర్రం పగ్గం పట్టుకుని నా పక్క నుంచే పోయాడు. చీటీ వ్యాన్ డ్రైవరు తీసుకున్నాడు.