ఆడపడుచు గారి దుంపలు

వీధిలో వాళ్లు ఆవిణ్ణి విషాలమ్మ అంటారు. అసలు పేరు అది కాదు. మేడ మీద విషపు మొక్కలు పెంచుతుందని ఎవరో కొంటెవాళ్లు తగిలించిన పేరు. మొహం మీదే అన్నా ఆవిడ పట్టించుకోదు. నొప్పుల నూనె కాచే వైద్యుడికి సరుకిచ్చేది ఆవిడే మరి; ఆ పేరు పెట్టినవాళ్లు కూడా మోకాళ్లు పట్టేస్తే ఆ నూనే రాసుకుంటారు.

మేడ మీద ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది. అన్నిటికంటే ముద్దుగా పెరిగేది నాభి. నిప్పులాంటి పువ్వు, ఆకు కొసతో దొరికినదాన్నల్లా చుట్టుకుని పాకే తీగ. తీగ ఎండిపోయాక ఆవిడ కుండీ బోర్లించి దుంపలు తీస్తుంది. కొసనున్న మొలక చెదరకుండా తుడిచి, గంపలో పోసి నీడన ఆరబెడుతుంది. కొన్ని మళ్లీ నాటడానికి, మిగతావి నూనెకి. మట్టి పోయాక ఆ దుంప చూడ్డానికి చిలగడదుంపలాగే ఉంటుంది. తిన్న మనిషి దక్కడం మాత్రం కష్టం.

ఇంట్లో విషం అన్న మాట వినపడకూడదని ఆవిడ అత్తగారి కట్టడి. పిల్లల చెవిన పడితే, వద్దన్నదే ముట్టుకుంటారని భయం. అందుకని ఆవిడ మొక్కలకి చుట్టరికాలు కలిపింది. ఉమ్మెత్త తోడికోడలు. గన్నేరు వియ్యపురాలు. నాభి ఆడపడుచు, పైకి అందం, లోపల సంగతి అడక్కండి. అత్తగారు పోయినా ఆ పిలుపులు పోలేదు. "అమ్మా, ఆడపడుచు గోడెక్కింది" అని కొడుకంటే, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు తెల్లమొహం వేసేది. తండ్రీకొడుకులు పగలబడి నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. నోట్లో నాలుక లేని పిల్ల, ఏమిటని అడగలేదు. మేడ మీది మొక్కలు ముట్టుకోవద్దని మాత్రం చెప్పారు. పిలుపుల సంగతి ఇవాళో రేపో చెబుదాంలే అనుకుంది ఆవిడ. కోడలి తెల్లమొహం ఇంకొన్నాళ్లు చూడాలని సరదా కూడా.

ఆ రోజు ఆవిడ ఊరికి ఆ చివరనున్న వైద్యుడి దగ్గరికి సరుకు తీసుకెళ్లింది. అక్కడ చక్కగా ఎండ కాస్తోంది. కోడలు ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఆడపడుచు గారి దుంపలట. మీ అబ్బాయి వంటింటి దగ్గర పెట్టి పనికెళ్లిపోయారు. ఏం చెయ్యమంటారు?"

ఆవిడకి నిజంగానే ఒక ఆడపడుచు ఉంది. పొలంలో చిలగడదుంపలు వేస్తుంది, పంపిస్తానని చెప్పింది కూడా. పైగా మొక్కకి గారు తగిలించేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

"ఏం చెయ్యడమేమిటే, ఉడకబెట్టు. మీ మామయ్యకి అవంటే ప్రాణం," అంది.

తిరుగు బస్సులో ఉండగా ఆడపడుచు నుంచి ఫోన్ వచ్చింది. "వదినా, దుంపలు ఇవాళ పంపలేకపోయా. బండివాడు రాలేదు. రేపు తప్పకుండా పంపిస్తా."

సరేనని ఫోన్ పెట్టేసింది. మరి ఇంట్లో ఉడుకుతున్నవి ఎవరి దుంపలని అప్పుడు తట్టింది. ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. కొడుక్కి చేస్తే ఎత్తాడు.

"మన గంపేనమ్మా. చినుకులు పడుతుంటే కిందికి దించాను. ఆడపడుచు దుంపలు, ఓ పక్కన పెట్టమని చెప్పాను."

"నేను ఉడకబెట్టమన్నానురా."

ఇన్నేళ్లలో ఒక్క ఆకునైనా వంటింటి దాకా రానివ్వని మనిషి, తన నోటితోనే పొయ్యి మీద పెట్టించింది. బస్సు దిగి పరుగెత్తింది. వీధిలో వాళ్లు ఏమైందని అడుగుతున్నా ఆగలేదు.

భర్త బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ముందు నిండు పళ్లెం. "నువ్వు రాకుండా తింటే ఏడాదంతా దెప్పుతావని ఆగాను," అన్నాడు. ఆవిడ పళ్లెం లాగి అవతల పారేసింది. ఆయన బిత్తరపోయి చూశాడు. హమ్మయ్య అనుకుని ఆవిడ గోడకి చేరగిలబడింది.

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తప్పు తనదే అనుకున్నట్టుంది.

"ఉడికాయో లేదోనని ఒక ముక్క చూశానత్తయ్యా. చేదుగా ఉంది. సరిగా ఉడకలేదేమోనని కాసేపాగి ఇంకో ముక్క తిన్నాను."

ఆసుపత్రిలో కడుపు కడిగారు. ఏం తిన్నదో ఆవిడే దాచకుండా చెప్పింది. విన్న డాక్టరు ఇంకేమీ అడగలేదు; పిల్లని ఇంటికి మాత్రం పంపనన్నాడు. మంచం మీద కోడలు నిక్షేపంగా కూర్చుని ఉంది. అది చూసి కొడుకు మొహంలోకి నెత్తురొచ్చింది. ఆవిడ మొహంలోకి రాలేదు. నాభి మొదట ఏమీ చెయ్యదు. మనిషిని కొన్ని గంటలు మామూలుగా తిరగనిస్తుంది. ఆ సంగతి కొడుక్కి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"ఆడపడుచంటే ఆ మొక్కా అత్తయ్యా?" కోడలు నవ్వింది. "ముందే చెప్తే నేనూ మీతో నవ్వేదాన్ని కదా."