చెవి వంచే పాస్టరయ్య

మా పాస్టరయ్య ఎమ్మిగనూరులో సైకిలు మీద తిరిగే రోజుల్లో, ఎవరింటికి వచ్చినా ముందు చెవి వంచేవాడు. జ్వరంతో మా అమ్మకు గొంతు పెగలనప్పుడు, మంచం పక్కన నేల మీద కూచొని, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి, చెప్పిందంతా విన్నాకే ప్రార్థన చేసినాడు.

తర్వాత ఆదోనికి మారినాడు. చుట్టుపక్కల తన సంఘమే అన్నిటికన్నా పెద్దది కావాలని పట్టుబట్టినాడు. సభలకు గోడల మీద అంటించే కాగితాల్లో ప్రభువు పేరు కన్నా ఆయన ఫోటో పెద్దదైంది.

నిరుడు అట్లాంటి సభ ఒకదానికి పోయినాను. ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటా ప్రార్థన కోసం వేదికెక్కింది. ఆయన మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "గట్టిగా సెప్పవ్వా, అందరూ వినాల" అన్నాడు.

ఆమె మొహం కొంచెం వెనక్కి తీసుకుంది.

"ఇది దేవునికి సెప్పుకునేదప్పా, ఊరికి కాదు."

ఆ మాట మైదానమంతా వినబడింది. పాత అలవాటు కొద్దీ పాస్టరయ్య తల మెల్లగా ఆమె వైపు వంగింది. మా అమ్మ మంచం దగ్గర చూసిన మనిషి మళ్లీ కనబడినట్టే అయింది నాకు.

కానీ ఆమె నోటికీ ఆయన చెవికీ నడుమ ఆ మైకు అట్లనే ఉండిపోయింది.