సైకిల్ దొరికిందని చెప్పిన వెబ్‌సైటు

మా నిజామాబాద్‌లో వెబ్‌సైటు అంటే ఏమిటో తెలిసినవాళ్ళకంటే, అది తమకు అక్కర్లేదని గట్టిగా తెలిసినవాళ్ళే ఎక్కువగా ఉన్న రోజులవి. రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. బస్టాండు దగ్గర మా బావ (మా అక్క భర్త) ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. ఆరు కంప్యూటర్లు, ఆరు చెక్క అరలు, ఒక్కో అరకు ఒక్కో పూల పరదా. డిగ్రీ చదివి, ఆరు నెలల వెబ్ డిజైన్ కోర్సు చేసి, ఏ ఉద్యోగమూ రాక ఇంట్లో గోళ్ళు కొరుక్కుంటున్న నాకు బావ ఏడో అర ఒకటి కట్టించి ఇచ్చాడు. దానికి మాత్రం పరదా పెట్టలేదు. "పరదా ఉంటె నువ్వు పని చేస్తున్నవో పన్నవో నాకెట్ల ఎర్కైతది మరదలా?" అన్నాడు. అర పైన బోర్డు కూడా పెట్టించాడు. (పెయింటరు 'వెబ్‌సైట్లు' అనడానికి 'వెబ్ సీట్లు' అని రాశాడు. దిద్దించేలోపల ఇద్దరు మనుషులు చిరిగిపోయిన స్కూటర్ సీట్లు పట్టుకుని వచ్చారు. ఒకాయన ఎంత చెప్పినా వినక సీటు అక్కడే పెట్టి, రేపొస్తానని వెళ్ళిపోయాడు.)

కోర్సు చెప్పిన సారు, గిరాకీ అడిగే ప్రశ్నలూ వాటి జవాబులూ ఒక కాగితం మీద రాసి ఇచ్చి బట్టీ పట్టమన్నాడు. ఎన్ని రోజుల్లో అవుతుంది, ఎన్ని పేజీలుంటాయి, తర్వాత మార్చుకోవచ్చా, ఎవరి పేరు మీద ఉంటుంది, ఇలాంటివి. నేను ఎక్కాల్లాగా అప్పజెప్పగలిగేదాన్ని. కానీ మా గిరాకీ ఆ కాగితం చదివి వచ్చినవాళ్ళు కాదు కదా. మోర్తాడ్ నుంచి వచ్చిన పసుపు వ్యాపారి "కరెంటు పోతె మా వెబ్‌సైటు ఉంటదా, అదీ పోతదా?" అని అడిగాడు. మాక్లూర్ రైసు మిల్లు ఆయన అది ఏ దిక్కుకు మొఖం పెట్టి ఉంటుందని అడిగి, తూర్పు అయితేనే చెయ్యమన్నాడు. బోధన్ బట్టల దుకాణం సేటు అయితే "తాళం చెవి ఎవరి దగ్గర ఉంటది?" అన్నాడు. అప్పుడు లోపల్లోపల నవ్వుకున్నాను గాని, ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత తెలివైనది ఇంకొకటి లేదు. (తాళం చెవి అంటే పాస్‌వర్డే కదా.) ఇక వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మొట్టమొదటి ప్రశ్న వేరే ఉంది. "సారు లేడా?" నేనే చేస్తానని చెబితే నన్ను ఎగాదిగా చూసి, "అది గాదు బిడ్డా, చేసే సారు?" అనేవాళ్ళు.

సారు లేడా అని అడగని ఒకే ఒక్క మనిషి టీచరమ్మ. బోధన్‌లో ప్రైమరీ స్కూలు టీచరు. యాభై దాటిన మనిషి, సన్నంగా, ఇస్త్రీ చేసిన నేత చీరలో, చేతిలో గుడ్డ సంచీతో ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఆదివారాలు వాళ్ళ చర్చిలో హార్మోనియం వాయిస్తుందట. నా ఎదురుగా కూర్చుని సంచీలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ అబ్బాయి. జుట్టు నున్నగా దువ్వి, పక్కకు తిరిగి, స్టూడియోవాడు నవ్వొద్దంటే నవ్వు ఆపుకున్నట్టున్నాడు.

"మా తమ్ముడు. ఇరవై ఏండ్లాయె, ఇంట్లకెళ్ళి పోయి. గీ ఇంటర్‌నెట్ల పెడితె దేశం మొత్తం సూస్తరంటరు గదా, నిజమేనా?"

నా కాగితంలో లేని ప్రశ్న. అయినా "నిజమే టీచరమ్మా" అన్నాను. ఎందుకు వెళ్ళిపోయాడని నేను అడగలేదు. ఆమే చెప్పింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమె ఒక సైకిలు కొనుక్కుందట. వాళ్ళ వీధిలో ఆడపిల్ల సైకిలు తొక్కడం అదే మొదలు. తమ్ముడు చెప్పకుండా దాన్ని తీసుకుని చెరుకు బండ్లు తూకం వేసే కాటా దగ్గరకు స్నేహితులతో కబుర్లకు వెళ్ళాడు. తిరిగి చూసేసరికి సైకిలు లేదు. నడుచుకుంటూ ఇంటికి వచ్చి అక్క ముందు తల దించుకుని నిలబడ్డాడు. "కోపంల అనేసిన బిడ్డా. సైకిల్ దొరికేదాక ఇంటికి రాకు అన్న. గంతే అన్న." వాడు వెతకడానికి వెళ్ళాడు. నాలుగు రోజుల తర్వాత కాటా గుమాస్తా సైకిలు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. తన నల్ల సైకిలు అనుకుని పొరపాటున ఇది తొక్కుకుపోయాడట, ఊరికెళ్ళి వచ్చాక గాని చూసుకోలేదట. సైకిలు దొరికింది. తమ్ముడు మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

"ఏం రాయమంటారు?" అని అడిగాను. ఆమె ముందే ఒక తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. *తమ్మీ, సైకిల్ దొరికింది. ఇంటికి రా.*

ఆ రోజుల్లో కంప్యూటర్‌లో తెలుగు రాయడం ఒక గండం. మా సెంటర్లో చక్కగా కనిపించిన అక్షరం పక్క వీధిలో చూస్తే పురుగులు పాకినట్టు కనిపించేది. అందుకని పెళ్ళిపత్రికలు చేసే దుకాణంలో ఆ వాక్యం టైపు చేయించి, దాన్నే ఒక బొమ్మగా మార్చి పేజీలో అతికించాను. పైన ఫోటో, కింద వాక్యం, దాని కింద మా సెంటర్ ఫోను నంబరు, అన్నిటికన్నా అడుగున నల్లడబ్బాలో తెల్ల అంకెలు. ఎంతమంది చూశారో ఆ అంకెలు చెబుతాయి. (అప్పట్లో ఆ డబ్బా లేని వెబ్‌సైటు బొట్టు లేని పెళ్ళికూతురుతో సమానం.)

మరుసటి శనివారం టీచరమ్మ వచ్చేసరికి ఆ డబ్బాలో తొమ్మిది అని ఉంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసి, "తొమ్మిది మందా!" అంది. ఆ తొమ్మిదిలో ఆరు నేను, రెండు మా బావ, ఒకటి అప్పుడే చూసిన ఆమె. ఆ సంగతి చెప్పలేదు. పై వారానికి పదకొండు అయింది. ఆమె ముఖం వాడిపోయింది. "ఇద్దరేనా బిడ్డా? మా బడి గోడ మీద రాసినా గింతకంటె ఎక్కువమంది సూస్తుండె" అంది మెల్లగా. ఆమె మీద జాలి ఎంత వేసిందో, నా వెబ్‌సైటును బడి గోడతో పోల్చినందుకు పౌరుషం కూడా అంతే వచ్చింది. రెండింట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ తర్వాత నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం గిరాకీ తగ్గాక కూర్చుని, ఆ పేజీని మూసి తెరిచి, మూసి తెరిచి, నలభై అంకెలు ముందుకు జరిపేదాన్ని. శనివారం టీచరమ్మ వచ్చి చూసుకుని, చిన్నపిల్లలాగా సంబరపడేది. సంచీలోంచి ఉడకబెట్టిన మక్కకంకులు తీసి నాకూ బావకూ పెట్టేది. వచ్చినప్పుడల్లా వాక్యం మార్పించేది. *తమ్మీ, నా కోపం ఆ రోజే పోయింది. అవ్వకు మోకాళ్ళు పనిచేస్తలేవు, నిన్ను అడుగుతుంది.* (అవ్వ అంటే వాళ్ళమ్మ.) *సైకిల్‌కు కొత్త టైర్లు వేయించిన.*

మధ్యలో మా అక్క బిడ్డను తొట్టెలలో వేసే వేడుకకు అమ్మావాళ్ళ ఊరికి వెళ్ళి రెండు వారాలు ఉండిపోయాను. బావ వేడుక నాడు వచ్చి ఆ రాత్రే సెంటర్‌కు తిరిగి వెళ్ళాడు, నేను లేనప్పుడు టీచరమ్మకు పేజీ తెరిచి చూపింది ఆయనే. తిరిగి వచ్చిన శనివారం వాక్యం మార్చి పెట్టాను, ఆ పై శుక్రవారం నా నలభై యథాప్రకారం నొక్కాను. మర్నాడు టీచరమ్మ ఎప్పటికన్నా గంట ముందే వచ్చింది. సంచీలోంచి బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి తీసి నా ముందు తెరిచింది. వారం వారం ఆ అంకెలన్నీ ఎర్రసిరాతో రాసుకుంది. ఒక్క వారం కూడా వదలలేదు.

"సూడు బిడ్డా. నేను కొత్తగ రాసిన వారం నలభై. మళ్ల రాసిన, మళ్ల నలభై. నువ్వు లేక నేను రాయని రెండు వారాలు, ఒకటి, ఒకటి. మళ్ల రాసిన, మళ్ల నలభై." ఆమె ఆఖరి నలభై మీద వేలు పెట్టింది. "లోకం సూస్తలేదు బిడ్డా. ఒక్కడే సూస్తుండు. నలభై సార్లు సూస్తుండు."

నా నోట్లో మక్కగింజలు నోట్లోనే ఉండిపోయాయి. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. లెక్క ఎక్కడా తప్పలేదు. నేనే తప్పు.

"అవ్వకు ఇయ్యాల పోయి చెప్త. రేపు చర్చిల లేసి సాక్ష్యం చెప్త. అందరు నాతోని ఇన్నేండ్లు ప్రార్థన చేసిండ్రు గదా" అని నా తల మీద చెయ్యి పెట్టి, బస్సుకు వేళైందని గబగబా వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. సంగతంతా చెబితే బావ తల గోక్కుని, "సంతోషపడ్డది గదా, పోనీ తియ్యి" అన్నాడు. అంతలోనే మళ్ళీ, "కాని మరదలా, రేపు గా చర్చి మొత్తం ఇంటది" అన్నాడు.

పొద్దున్నే బోధన్ బస్సెక్కాను. ఎడపల్లి దాటాక చెరుకు ట్రాక్టర్లు అడ్డంపడి బస్సు నత్తలా కదిలింది. నేను చర్చి చేరేసరికి ఆరాధన మొదలై చాలాసేపయింది. అంతకుముందు ఎన్నడూ చర్చిలో అడుగు పెట్టినదాన్ని కాను. చెప్పులు విడిచి, కంగారులో ఖాళీగా కనబడ్డ చోట కూర్చున్నాను. అది మగవాళ్ళ వైపు అని పక్కనున్న పెద్దాయన దగ్గినప్పుడు గాని తెలియలేదు. ముందు వరసలో టీచరమ్మ హార్మోనియం దగ్గర తెల్లచీరలో ఉంది. పాట అయిపోయింది. "దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవారు లేవండి" అన్నారు పాస్టరుగారు. టీచరమ్మ చీరకొంగు సర్దుకుని లేవబోతోంది. నాకేం చెయ్యాలో తోచక నేను లేచి నిలబడ్డాను.

చర్చి మొత్తం నా వైపు తిరిగింది. పాస్టరుగారు ఎంతో ఆప్యాయంగా "రా తల్లీ, ముందుకు రా" అన్నారు. "నాది సాక్ష్యం కాదండి" అన్నాను. "నేను వెబ్‌సైటు చేసే పిల్లను." వెనుక నుంచి ఎవరో పెద్దావిడ "స్తోత్రం!" అంది. చిన్నపిల్లలు నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. "టీచరమ్మతోని ఒక్క మాట మాట్లాడాలె" అన్నాను.

బయట మెట్ల మీద నిలబడి చెప్పేశాను. నలభై నావేనని, ప్రతి శుక్రవారం నొక్కినవని, వాడు చూశాడో లేదో నాకు తెలియదని. ఏడుస్తూనే చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును అనుకున్నాను. గేటు వైపు చూస్తూ, "మరి నిజంగ ఎందరు సూసిండ్రు?" అని అడిగింది.

"నన్నూ బావనూ మిమ్మల్నీ తీసేస్తే, ఇన్ని వారాల్లో ఐదారుగురు ఉంటరేమో టీచరమ్మా."

"అవ్వకు నిన్ననే చెప్పిన బిడ్డా" అంది. "రోజూ ఒక్క ముద్ద తినాలంటే ఏడిపిచ్చేది, నిన్న అడిగి పెట్టించుకొని తిన్నది." అంతే అని లోపలికి వెళ్ళింది. సాక్ష్యం చెప్పలేదు. హార్మోనియం ముందు కూర్చుని తర్వాతి పాట అందుకుంది. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. ఒక్క స్వరం కూడా తప్పలేదు.

రెండు శనివారాలు ఆమె రాలేదు. నేను డబ్బా అంకెల్ని సున్నా చేసి, మళ్ళీ ఆ పేజీ తెరవలేదు. బావను కూడా తెరవనివ్వలేదు. మూడో శనివారం వచ్చింది. ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. "ఎందరు?" అంది. ఇద్దరం కలిసి చూశాం. మనం చూసింది తీసేస్తే ముగ్గురు అన్నాను. నోటుపుస్తకం తీసి, ఎర్రసిరాతో మూడు అని వేసింది.

"మంచిదే. ముగ్గురు నిజంగ సూసిండ్రు" అంది. లేచి వెళ్ళబోతూ ఆగి, "అవ్వ అడుగుతది. ఆమెకు నలభై అనే చెప్త. అబద్ధమాడితె బెంచి ఎక్కిస్తనని మా బడిపిల్లలకు చెప్పేదాన్ని నేను" అని కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను తల దించుకుని కీబోర్డు తుడిచాను.

అవ్వ ఆ వానాకాలంలో పోయింది. టీచరమ్మ కొన్ని రోజులయ్యాక వచ్చి, కొత్త వాక్యం రాసిన కాగితం ఇచ్చింది. *తమ్మీ, అవ్వ పోయింది. నువ్వు బాగున్నవనే అనుకుని పోయింది. ఏడ్వకు.* టైపు చేసే దుకాణం అబ్బాయి దాన్ని రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి సరిగ్గా కొట్టాడు. ఆ వాక్యమే ఆఖరిది. మళ్ళీ మార్పించలేదు. ఇంటర్నెట్‌లో మాకు ఉచితంగా చోటిచ్చిన కంపెనీ కొన్నేళ్ళకు దుకాణం ఎత్తేసింది, దాంతోపాటు ఆ పేజీ కూడా పోయింది. చెప్పడానికి బోధన్ వెళ్ళాను. అప్పటికి ఆమె రిటైరయింది. "పోనీ బిడ్డా, వాడికి చెప్పాల్సింది అంత చెప్పిన" అని, వద్దన్నా వినకుండా అన్నం పెట్టి పంపింది. ఫోను మాత్రం ఎన్నడూ రాలేదు. వచ్చిందని రాయగలిగితే ఎంత బాగుండును.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, నా కింద నలుగురు పనిచేస్తున్నారు. సారు లేడా అని ఎవరూ అడగరు. కానీ అన్ని ప్రశ్నలూ అయ్యాక గిరాకీ ఆఖరున అడిగేది మాత్రం మారలేదు. "మేడం, ఎంతమంది చూస్తారంటారు?" నేను తెలియదంటాను. ఒక్కోసారి ఆ మాటకే లేచి వెళ్ళిపోతారు. మా బావ ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చి ఓ మూల కూర్చుని, అది విని తల కొట్టుకుంటాడు. అందరూ వెళ్ళాక ఆ ఏడో అరలోని ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఎదుటి మనిషి ముఖం వాడిపోతే ఓర్చుకోలేని పిల్ల, ఒక్కతే కూర్చుని లెక్కపెట్టుకుంటూ మీట నొక్కిన పిల్ల. చేసింది తప్పే. అయినా దానిమీద కోపం రాదు. వేలు ఎంత నొప్పి పుట్టి ఉంటుందో పాపం అనుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.