రెండో కంటికి ఏ లెన్స్?

మొన్న మంగళవారం కంటి క్లినిక్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, మీ రెండో కంటికి కూడా మొదటి కంటికి వేసిన లెన్సే వెయ్యమంటారా, లేక ఈసారి ఖరీదైన రకం వేయించుకుంటారా, ఆలోచించుకుని సోమవారం లోపల చెప్పండి అని ఎంతో మర్యాదగా అడిగింది. శుక్లాల ఆపరేషన్ సంగతి మన వయసు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు ఇళ్ల ధరల కన్నా దాని గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నాం. మసకబారిన మన లెన్సు తీసేసి ఓ ప్లాస్టిక్ లెన్సు పెడతారు, అంతే. నాకు కుడి కన్ను అయిపోయింది, ఎడమది మిగిలింది. ఫోన్ పెట్టేసి లివింగ్ రూమ్‌లో ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, ఏమైందండీ అని అడిగింది. ఏం చెప్పను? ఈ లెన్సా, ఆ లెన్సా అనే ప్రశ్న పాతికేళ్ల కిందట నా ప్రాణం తోడేసింది. దానికే ఇంతవరకు సమాధానం తెలియలేదు, మళ్లీ ఇదొకటి వచ్చిపడింది.

అప్పుడు మేము అమెరికాలో ఇదే క్యారీ ఊళ్లో, ఇప్పుడున్న ఇంటికి నాలుగైదు సిగ్నళ్ల అవతల ఓ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నేను హెచ్‌వన్ వీసా మీద వచ్చి ఓ మందుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి, మా ఆవిడది డిపెండెంట్ వీసా, అంటే ఉద్యోగం చెయ్యకూడదు, ఫీజు తీసుకుని పాఠం చెప్పకూడదు. విజయవాడలో సాయంత్రమయ్యేసరికి ఇంటి నిండా పిల్లల్ని పోగేసుకుని కూచిపూడి నేర్పిన మనిషి, ఇక్కడ పైన తుమ్మితే కింద వినపడే ఆ చెక్క ఫ్లోర్ మీద, గజ్జెలు కాళ్లకి కట్టుకోకుండా ఒళ్లో పెట్టుకుని, చేత్తో తాళం వేసుకుంటూ కూర్చునేది. డబ్బేమీ వద్దు, పిల్లల్ని పంపండి చాలు, ఊరికే నేర్పుతానన్నా ఎవరూ పంపలేదు. ఊరికే అంటే మన వాళ్లకి అనుమానం కదా, అంత గొప్పదైతే ఊరికే ఎందుకు నేర్పుతుంది అనుకుని ఉంటారు. చివరికి తెలుగు సంఘం వాళ్లు ఉగాది ప్రోగ్రాంలో ఆమెకి ఒక్క ఐటం ఇచ్చారు. అది చూశాక కూడా ఒక్క పిల్ల రాకపోతే గజ్జెలు సూట్‌కేసులో పెట్టేసి కంప్యూటర్ కోర్సులో చేరతానని మా ఆవిడ నెమ్మదిగా, కూర తరుగుతూ చెప్పింది. అలిగి అన్నా, అరిచి అన్నా నేను పట్టించుకునేవాణ్ణి కాదేమో. ఆ నెమ్మది చూసి నాకు భయం వేసింది.

నాకు తోచిన ఉపాయం ఒకటే. ఇండియన్ గ్రాసరీ షాపులో తలుపు పక్కన ఓ బోర్డు ఉండేది, రూమ్మేట్ కావలెను, పాత కారు అమ్మబడును, ఇంట్లో చేసిన పచ్చళ్లు దొరుకును అని కాగితాలు, కింద ఫోన్ నంబర్లు చింపుకుని పట్టుకెళ్లడానికి కత్తిరించిన తోకలు. ఆ బోర్డు మీద, ఆ పచ్చళ్ల పక్కన, మా ఆవిడ స్టేజి మీద ఆడుతున్న ఫోటో ఒకటి పడాలి. అది చూసి తల్లులు ఆగాలి. ఐటం జరిగేది ఒక్కసారి, ఫోటో తీసే అవకాశమూ ఒక్కసారే. ఆడిటోరియం హైస్కూలు వాళ్లది, వెనకాల చీకటి, కమిటీ వాళ్లు ఫ్లాష్ వాడకూడదన్నారు. నా దగ్గర ఫిల్ము కెమెరా ఉంది గానీ దానితో పాటు వచ్చిన లెన్స్ పుట్టినరోజు కేకులకి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. దూరాన ఉన్న మనిషిని దగ్గరికి లాగాలి, ఆ ఉన్న కాస్త వెలుతురూ జుర్రుకోవాలి, అలాంటి పెద్ద లెన్స్ కావాలి.

అలాంటివి రెండు దొరికాయి, అక్కడే మొదలయ్యాయి నా తిప్పలు. ఒకటి కెమెరా తయారుచేసిన కంపెనీదే. రెండోది లెన్సులు మాత్రమే తయారుచేసే ఇంకెవరిదో, మన భాషలో చెప్పాలంటే బయటిది, ధర అందులో సగం. ఒక పత్రిక చదివితే కంపెనీదే కొనాలనిపించేది, ఇంకోటి చదివితే కంపెనీ పేరుకే డబ్బులు పోస్తున్నామనిపించేది. పక్క ఊరు రాలీలో కెమెరా షాపాయన పొద్దున వెళితే ఒకటి, సాయంత్రం వెళితే ఇంకోటి మంచిదనేవాడు. దీనికి తోడు మా నాన్న. ఆయన కాలవల శాఖలో పనిచేస్తూ జీవితమంతా ఒక్క స్కూటర్‌నే నడిపారు, దానికి క్లచ్ ప్లేటైనా, కేబులైనా, ఆఖరికి అద్దం మీద రబ్బరైనా సరే, కంపెనీదేనా అని మెకానిక్‌ని అడిగి, డబ్బా చూసి, డబ్బా మీద స్టిక్కరు గోరుతో గీకి చూస్తే గాని వెయ్యనిచ్చేవారు కాదు. ఇండియాకి ఫోన్ చేసే కాలింగ్ కార్డు మీద నిమిషాలు అయిపోతుంటే నేను ఇంటి సంగతులు మానేసి లెన్స్ సంగతి చెబితే, ఆయన అంతా విని, కంపెనీదేనా అని అడిగారు, ఆ మాటకి కార్డు అయిపోయింది. దాంతో నేను ఇంకో వారం ఆగిపోయాను.

మా కింది అపార్ట్‌మెంట్‌లో నేను తమ్ముడని పిలుచుకునే వరంగల్ కుర్రాడొకడు ఉండేవాడు, ఎమ్మెస్ అయ్యి కొత్తగా ఉద్యోగంలో చేరాడు, మా ఆవిడ చేతి పులుసు కోసం మా ఇంట్లోనే ఎక్కువ ఉండేవాడు. నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే ఓ రోజు వాడు నా ఎదురుగా చతికిలబడి, "ఏందన్నా, నువ్వు లెన్స్ కొంటున్నవా, పిల్లకు సంబంధం చూస్తున్నవా? రెండూ తెచ్చుకో. ఒకటి వాపస్ ఇచ్చెయ్" అన్నాడు. అంతే, నా నెత్తి మీది బరువు దిగిపోయింది. అమెరికా వచ్చాక మన వాళ్లు నేర్చుకున్న మొదటి విద్య అదే కదా, ధర చీటీ పీకకుండా లోపలికి దోపి పార్టీకి సూటు వేసుకెళ్లి సోమవారం తిరిగిచ్చేసిన వాళ్లని నేనెరుగుదును. అమ్మానాన్నలు వచ్చినప్పుడు కొన్న పరుపు వాళ్లు విమానం ఎక్కిన మర్నాడు షాపుకి చేరడం కూడా చూశాను. ప్రోగ్రాం అయిన మరుసటి సోమవారం దాకా గడువు ఉండేలా చూసుకుని, క్రెడిట్ కార్డు మీద రెండు లెన్సులూ తెచ్చాను. మా ఆవిడ ఆ రెండు డబ్బాలనీ చూసి, కవల పిల్లల్ని తెచ్చినట్టు తెచ్చారే అంది.

ఇక పరీక్షలు. గోడకి న్యూస్‌పేపర్ అంటించి, హాల్లో దీపాలు ఆర్పి, వంటింటి దీపం ఒక్కటే ఉంచి, ఒకదానితో ఓసారి, రెండోదానితో ఓసారి తీసేవాణ్ణి. కంపెనీది టక్కున గురి పట్టేది. బయటిది గిర్రు గిర్రుమని అటూ ఇటూ తిరిగి, ఎక్కడో పెట్టి మర్చిపోయిన తాళం చెవులు వెతుక్కుంటున్నట్టు వెతుక్కుని, అప్పుడు పట్టేది, కానీ పట్టాక అక్షరం అక్షరం చదవగలిగేటట్టు వచ్చేది. తేడా ఒక్కటి కనిపెట్టాను, బయటిదాంట్లో తెల్ల కాగితం కాస్త పసుపు తిరిగేది, టీ చుక్క కలిపినట్టు. అదీ ఖాయంగా అనడానికి లేదు, ఎందుకంటే ఫోటోలు కడిగే షాపు మారితే ఆ పసుపు పోయేది. కంపెనీదే బాగుందని పడుకునేవాణ్ణి, బయటిదే బాగుందని లేచేవాణ్ణి. చివరికి ప్రోగ్రాంలో రెండింటితోనూ తీసి, వచ్చిన ఫోటోల్ని బట్టి తేల్చుకుందామనుకున్నాను. అంతకన్నా తెలివైన ఆలోచన ఉండదనిపించింది ఆ రోజు.

ఉగాది నాడు మా ఆవిడ ఐటం అందరికన్నా ఆఖరుకి పడింది. అప్పటికి వెనక పులిహోర ట్రేలు తెరిచేశారు, జనం సగం లేచిపోయి లైన్లో నిలబడ్డారు, మిగతా సగం పిల్లల చెప్పులు వెతుకుతున్నారు. ఆమె లేతాకుపచ్చ చీరతో కుట్టించిన డ్రెస్సులో వచ్చి, ఖాళీ కుర్చీలకి కూడా దణ్ణం పెట్టి మొదలుపెట్టింది. స్టేజి మెట్ల పక్కన నేను, నా పక్కన ఒక లెన్సు పట్టుకుని తమ్ముడు, నేను తీసింది వాడికివ్వడం, వాడి చేతిలోది నేను బిగించడం, మూతలు వాడి జేబులో, ఏది ఎప్పుడు బిగించానో ఆ కంగారులో చూసుకున్నది ఎవరు? ఆమె కాలి చప్పుడుకి లైన్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇటు తిరగడం మాత్రం కంటి కొసన కనపడింది. చేతుల్లో పులిహోర ప్లేట్లతోనే కొందరు మళ్లీ కుర్చీల్లోకి వచ్చి కూర్చున్నారు.

మర్నాడు ఆదివారం ఫోటోలు తెచ్చుకుంటే, అన్నీ ఊగిపోయినవో మసకబారినవో, ఒక్కటి మాత్రం నిలబడింది. ఒక చెయ్యి పైకెత్తి, చూపు పక్కకి తిప్పి, ముఖం మీద వెలుగు పడి, అబ్బ, ఏం ఫోటో అది! అయితే ఏ లెన్సుతో తీసింది? చీర ఆకుపచ్చగానే ఉంది కాబట్టి కంపెనీదేనని తమ్ముడు, పసుపు తిరిగింది కాబట్టి బయటిదేనని నేను, ఆ ఫోటోని కిటికీ దగ్గరికీ దీపం కిందకీ తిప్పుతూ చెరో పక్కా పట్టుకుని లాక్కున్నాం. భోజనానికి పిలిచి పిలిచి విసిగిపోయిన మా ఆవిడ మా చేతుల్లోంచి దాన్ని తీసుకుని, చాలాసేపు చూసుకుంది.

"ఏ లెన్సయితే ఏంటండీ? ఇక్కడికొచ్చాక నేను నాలా ఉన్న ఫోటో ఇదొక్కటే" అంది.

సోమవారం గడువు. షాపులో రెండూ బల్ల మీద పెట్టి, ఏది ఇచ్చెయ్యమంటారని షాపాయన్నే అడుగుదామనుకుని, మళ్లీ పొద్దునా సాయంత్రమూ గుర్తొచ్చి మానుకుని, ఖరీదైనది కాబట్టి కంపెనీది ఇచ్చేశాను. పార్కింగ్ లాట్ దాటకముందే తప్పు చేశాననిపించింది. ఆ ఫోటోని జిరాక్స్ తీయించి బోర్డుకి అంటిస్తే, ఆ జిరాక్స్‌లో ముఖం ఓ నల్ల మచ్చ, చీర ఇంకో నల్ల మచ్చ, చెయ్యి ఎత్తి ఉందని మాత్రం తెలుస్తుంది. ఇన్ని వారాల నా బాధంతా ఆ మచ్చ కోసమా అని పచ్చళ్ల కాగితం పక్కన నిలబడి నేను తెల్లబోయాను. అయినా వారం తిరక్కుండా ఒకామె ఫోన్ చేసింది. ఫోటో గురించి కాదు, తను ఆ రోజు పులిహోర ప్లేటు పట్టుకుని వెనక్కి వచ్చి కూర్చున్నానని, తన కూతురు అప్పట్నుంచి సోఫా మీదెక్కి ఎగురుతోందని చెప్పింది. ఆ పిల్లతో మొదలైంది మా ఆవిడ క్లాసు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కొన్నాళ్లు, గ్రీన్‌కార్డు వచ్చాక మా గరాజ్‌లో, ఇప్పుడైతే అద్దాలున్న పెద్ద హాలు. గజ్జెలు ఇప్పటిదాకా సూట్‌కేసు ముఖం చూడలేదు. ఆ ఫోటో నేను ఉంచుకున్న లెన్సుకి రుణపడి ఉందా, ఇచ్చేసిన దానికా అన్నది మాత్రం తేలలేదు. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాం, ఏళ్లు గడిచేకొద్దీ నా కంటికి ఆ చీర పసుపుగానే కనపడుతూ వచ్చింది, చూశావా బయటిదే, నేను ఉంచుకున్నదే అని ఇప్పుడు కాపెల్ అనే ఊళ్లో ఉంటున్న తమ్ముడికి ఫోన్లో చెప్పి మురిసిపోయేవాణ్ణి. వాడు నవ్వి, నీ కండ్లు చూపించుకో అన్నా అనేవాడు.

వాడన్నట్టే అయింది. కుడి కంటి కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి చూద్దును కదా, చీర లేతాకుపచ్చ, నిన్ననే జరీ అంచు కుట్టినట్టుంది. అంటే కంపెనీ లెన్సేనన్నమాట, చేతులారా తిరిగిచ్చేశానన్నమాట అనుకుని కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే మళ్లీ పసుపు. దేన్ని నమ్మను? ఎడమ కంట్లో ఉన్నది పుట్టుకతో వచ్చినది, మా నాన్న అడిగితే గుండె మీద చెయ్యేసుకుని కంపెనీదే అని చెప్పగలిగినది, కానీ అదే మసకబారి పసుపు పోస్తోంది. కుడి కంట్లోది బయటిది, నిన్న గాక మొన్న వచ్చింది, కాగితాన్ని కూడా కాస్త నీలంగా చూపిస్తోంది. కొత్తలో అలాగే ఉంటుంది, అలవాటైపోతుంది అని డాక్టరమ్మ చెప్పింది. పైగా ఆ ఫోటోకీ పాతికేళ్లు దాటాయి, దాని రంగు దానికి వెలిసిపోయి ఉండదా? మా అమ్మాయికి చెబితే, నాన్నా, ఫోటోకి ఫోన్‌లో ఫిల్టర్ పెడితే ఏ కలర్ కావాలంటే అది వస్తుంది కదా అంది. ఆ పిల్ల చెప్పింది నిజమే, ఇప్పుడు వాళ్లమ్మ స్కూలు ప్రోగ్రాముల్లో వంద ఫోన్లు లేస్తాయి, ఇంటికెళ్లేలోగా వెయ్యి ఫోటోలు గ్రూపులో పడతాయి, లెన్స్ ఎవరిదని అడిగేవాడే లేడు. నా పెద్ద లెన్స్ క్లాజెట్‌లో ఉంది.

మంగళవారం నేను నవ్వుకుంటుంటే వచ్చిన మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ ఫోటో పక్కనే నిలబడింది. ఎడమ కన్ను మూసి చూశాను, చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు, కళ్ల కింద గీతలు, ఎప్పుడొచ్చాయో నేనెరగను, స్పష్టంగా ఉన్నాయి. కుడి కన్ను మూసి చూశాను, అవేవీ లేవు, దీపం వెలుగులో నిలబడ్డ ఉగాది నాటి మనిషే.

"ఏ కంటికి బాగున్నాను?" అని అడిగింది.

ఒక పత్రిక ఒకటి చెప్పి ఇంకోటి ఇంకోటి చెప్పిన రోజుల్లో కూడా నేనింత తికమక పడలేదు. ఆ రోజుల్లో రెండూ ఇంటికి తెచ్చుకోవచ్చు, వాడి చూడవచ్చు, నచ్చనిది పట్టుకెళ్లి బల్ల మీద పెట్టేయవచ్చు, అలా బతకడమే ఈ దేశం మాకు నేర్పింది. ఎడమ కంటి లెన్సు ఒకసారి తీశాక ఏ షాపులోనూ తిరిగి ఇవ్వరు, దానితో పాటు ఆ పసుపు చీరా పోతుంది. అలాగని మసక కన్ను ఉంచుకుంటే నాకు కారు నడపడం కుదరదు, ఈ ఏటి ప్రోగ్రాంలో ఆఖరి ఐటం మళ్లీ తనే ఆడతానంటోంది, అదీ కనపడదు. క్లినిక్ అమ్మాయికి సోమవారం ఏదో ఒకటి చెప్పేస్తాను. ఈలోగా పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని, కొత్త కన్ను మూసుకుని, ఆ ఫోటో ఎదురుగా కాసేపు కూర్చుంటున్నాను.