మిస్త్రి ఐలేశం ముక్కు పట్టేసిన పొద్దు

కట్టంగూరులో రోడ్డు పక్కన మోటరు షెడ్డు పెట్టుకున్న మిస్త్రి ఐలేశాన్ని ఎవరూ ఉత్త ఐలేశం అనేవారు కాదు, ముక్కు ఐలేశం అనేవారు. అదేదో తొండమంత ముక్కు అనుకునేరు, చిన్న బుడిపె ముక్కు! కానీ బండి వచ్చి షెడ్డు ముందు ఆగడమే ఆలస్యం, వెనక్కి పోయి, పొగగొట్టం దగ్గర వంగి, రెండుసార్లు ఎగపీల్చి, రోగమేమిటో చెప్పేసేవాడు. బానెట్టు ఎత్తడం ఆ తర్వాతి సంగతి.

హైదరాబాదులో ఏడేళ్లు ఒక ఉస్తాదు దగ్గర మొట్టికాయలు తిని నేర్చుకున్న విద్య అది. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోందనీ, నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతోందనీ ఎవడైనా చెప్తాడు. తెల్ల పొగ దగ్గరే ఉంది తిరకాసంతా. చలి పొద్దున కాసేపు వచ్చి, ఇంజను వేడెక్కగానే పోతే అది మన నోట్లోంచి వచ్చే ఆవిరి లాంటిదే, బెంగ లేదు. పోకుండా వస్తూనే ఉందంటే మాత్రం ఎక్కడో నీళ్లు కలుస్తున్నట్టు. పెట్రోల్లోనే కలిశాయా, రేడియేటర్ నీళ్లు ఇంజన్లోకి దిగుతున్నాయా? పొగ రంగు చూసి అది చెప్పలేం. ఐలేశం వాసన చూసి చెప్పేవాడు, ఏనాడూ తప్పలేదు.

అంతటి ముక్కున్న మనిషికి పంతొమ్మిది వందల అరవై రెండు చలికాలంలో పడిశం పట్టింది. మామూలు పడిశమా! నాలుగు రోజులుగా ముక్కు బిరడా కొట్టినట్టు మూసుకుపోయింది. షెడ్డు పక్కనే చాయ్ హోటల్ నడిపే అతని భార్య నర్సింగమ్మకు తప్ప ఆ సంగతి మరొకరికి తెలియదు. పొయ్యిమీద పాలు మాడి గబ్బు లేస్తుంటే పక్కనే కూర్చుని తాపీగా బీడీ కాల్చుకుంటున్న మొగుణ్ని చూసి ఆమె పసిగట్టింది. ఎవరికీ చెప్పొద్దని ఐలేశం బతిమాలాడు, పనిలో పనిగా బెదిరించాడు కూడా. ఆమె నవ్వి ఊరుకుంది.

ఐదో రోజు పొద్దున్నే నల్లగొండ వకీలు బాలయ్య గారి నల్లకారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక తెల్లటి పొగ రోడ్డును కమ్మేసింది. సూర్యాపేటలో చుట్టాలింట్లో పెండ్లి చూసుకుని తిరిగి వెళ్తున్నాడాయన. డ్రైవరు సైదులు దిగాడు కానీ మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. హోటల్ ముందు బస్సు కోసం కూర్చున్న పదిమందీ, ఒక లారీ డ్రైవరూ చాయ్ గ్లాసులతో సహా లేచి వచ్చారు. ఐలేశం ముక్కు పనితనం చూడాలని అందరికీ సరదా మరి.

ఐలేశం వంగి పీల్చాడు. ఏమీ తెలియలేదు. మళ్లీ పీల్చాడు. చెవుల్లో గుయ్యిమంది తప్ప వాసన జాడ లేదు. బానెట్టు ఎత్తి చూస్తానంటే సరిపోయేది. అంత మాట పదిమందిలో అంటే పరువేం కాను? పోయిన వారం వచ్చిన రెండు బండ్లకూ పెట్రోల్లో నీళ్లే కదా, ఇదీ అదే అయ్యుంటుందిలే అనుకున్నాడు.

“పెట్రోల్ల నీళ్లు గల్సినయ్ వకీలు సాబ్” అనేశాడు.

వకీలు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. “విన్నరా! తొవ్వ పొడుగూత నేను మొత్తుకుంటనే వస్తున్న. నీళ్లు వాటంతల అవి టాంకిలకు నడిచిపోతయా? పోవు. మరెవలు పోసిన్రు? టాంకిల పెట్రోలు తీసి అమ్ముకున్నోడే పోసిండు! ఏమ్రా సైదులు, దొంగతనం బయటపడ్డదా లేదా? చావి ఇటియ్యి. ఇయ్యాల్టి సంది నీ మొఖం నాకు చూపియ్యకు.”

“పిల్లల మీద ఒట్టు సాబ్! పదకొండేండ్లాయె, ఒక్క చుక్క ముట్టలే” అన్నాడు సైదులు. ఎవరు వినాలి! తాళంచెవి వకీలు చేతిలో పెట్టి ఐలేశం వైపు తిరిగాడు. “అన్నా, ఇంకోపారి చూడరాదె. గీ మాట పడ్డంక నల్లగొండల నాకెవ్వలు బండి ఇయ్యరు.”

ఐలేశం గుండె గుభేలుమంది. తను వదిలిన ఉత్తుత్తి మాట ఒక మనిషి మెడకు చుట్టుకుంటుందని అతను కలగన్నాడా పాపం! హోటల్ వైపు చూశాడు. నర్సింగమ్మ గరిటె పట్టుకుని, కళ్లార్పకుండా మొగుణ్నే చూస్తోంది. నోరు విప్పితే ఇన్నేళ్ల పేరు పోతుంది. విప్పకపోతే సైదులు పోతాడు.

“ఆగున్రి వకీలు సాబ్” అన్నాడు చివరికి. “నేను జెప్పింది ఉత్తదే. నాలుగొద్దుల సంది నాకు ముక్కు పనిజేస్తలేదు. వాసనే తెల్వలే. షరం అయి నోటికొచ్చింది జెప్పిన.”

లారీ డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓరి నీ! ముక్కు ఐలేశానికి ముక్కే లేదంట!” నవ్వనివాడు లేడు. ఐలేశం చెవులు వేడెక్కిపోయాయి.

“ఇగ సాలు, నవ్వింది. జరుగున్రి” అంటూ నర్సింగమ్మ వచ్చింది. కొంగు దోపుకుని, మళ్లీ బండి చాలూ చేయించి, వంగి వాసన చూసింది. “గిది పెట్రోలు వాసన గాదు. పసుపు నీళ్లు మసిలిన వాసన. సర్దికని పొద్దుమాపు నీకు పసుపు ఆవిరి పడుతున్న గదా, గా వాసన లెక్కనే కొడ్తాంది” అంది మొగుడితో.

“బండికి గూడ సర్ది అయిందా ఏంది అక్కా?” అన్నాడు లారీ డ్రైవరు.

ఐలేశానికి మాత్రం నవ్వు రాలేదు, ప్రాణం లేచివచ్చింది. బండి ఆపించి, ఇంజను చల్లారేదాకా ఆగి, గోనెగుడ్డతో రేడియేటర్ మూత తిప్పాడు. లోపల నీళ్లు పచ్చగా ఉన్నాయి, చిక్కటి పసుపు! ఆయిలు చూసే పుల్ల బయటికి లాగితే ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంది. చివరికి టాంకిలోంచి ఒక చాయ్ గ్లాసెడు పెట్రోలు పట్టి అందరికీ చూపించాడు. నర్సింగమ్మ గ్లాసు పాడుచేశావని తిట్టింది కానీ, నీళ్లు కలిస్తే అడుక్కి దిగాలి, గ్లాసు అడుగున నీటిబొట్టు లేదు.

“పెట్రోలు సాఫ్ ఉన్నది” అన్నాడు గట్టిగా. “రేడియేటర్ ఓటి వడ్డది, నీళ్లు కారినయ్. పసుపేస్తె ఓటి ఆగింది గని, అప్పటికే ఇంజను ఉడికి లోపట నీళ్లు ఆపే గ్యాస్కెట్ అట్ట కాలిపోయింది. గా సందుల కెల్లి నీళ్లు ఇంజన్లకు దిగుతున్నయ్. గందుకే తెల్ల పొగ. పసుపు ఎవలేసిన్రు?”

“నాకెర్క లేదన్నా. పొద్దుగాల చీకట్ల మూత దీసి చెంబెడు నీళ్లు పోసిన, రంగు చూడలే. ఓటి వడ్డది, బాగు చేపియ్యాలె అని నెల సంది సాబ్‌కు చెప్తనే ఉన్న” అన్నాడు సైదులు.

అందరూ వకీలు వైపు తిరిగారు. ఆ మహానుభావుడు రోడ్డు అవతల చింతచెట్లను మహా శ్రద్ధగా చూస్తున్నాడు. ఎంతసేపని చూస్తాడు? గొంతు సవరించుకున్నాడు. “కోర్టుల ఒకాయన జెప్పిండు, పసుపేస్తె ఓటి బందైతదని. నిన్న మాపటీలి పెండ్లింట్ల పళ్లెం నిండ పసుపుండె. సైదులు బువ్వకు పోయినప్పుడు… నేనే ఏసిన.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“సరే సరే, అయిందేందో అయింది. చావి తీస్కో” అని వకీలు చెయ్యి చాచాడు.

సైదులు కదలలేదు. “తీస్కుంట సాబ్. గని దొంగ అన్నది గీ పదిమందిల అన్నరు. గాదన్న మాట గూడ గీ పదిమందిలనే అనున్రి.”

వకీలు గొంతులోనే ఏదో గొణిగాడు.

“వినపడలే సాబ్.”

అప్పుడే బస్సు వచ్చి హారను కొట్టింది. ఒక్కరూ ఎక్కలేదు. వకీలు బస్సునూ, జనాన్నీ, సైదులునూ చూసి, కోర్టులో కూడా ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి, “సైదులు దొంగ గాదు! తప్పు నాది!” అన్నాడు.

సైదులు రెండు చేతులతో తాళంచెవి అందుకున్నాడు. అందుకుని, కారు అవతలి పక్కకు పోయి, కింద చతికిలబడి, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఐలేశం వెళ్లి పక్కన కూర్చున్నాడు.

“మాఫ్ జెయ్యి తమ్మీ. నీ పానం మీదికి తెచ్చింది నేనే.”

“ముక్కు పోతె పోయింది గని, నోరు దెరిచి నిజం జెప్పినవ్ సూడు అన్నా” అన్నాడు సైదులు తువ్వాల తీయకుండానే, “గదే నన్ను బతికిచ్చింది.”