నేను ఎంచి ఇచ్చిన రాకెట్

పద్దెనిమిదేళ్ళు శంషాబాద్ దగ్గరి ఒక క్లబ్బులో టెన్నిస్ మార్కర్‌గా పనిచేశాను. మార్కర్ అంటే, సభ్యుడికి ఆ పూట జోడీ దొరక్కపోతే అవతలి వైపు నిలబడి బంతులు కొట్టేవాడు. గెలవకూడదు, అలాగని కావాలని ఓడిపోతున్నట్టూ కనిపించకూడదు. ఆయన ఎంత అడ్డదిడ్డంగా కొట్టినా బంతిని మళ్ళీ ఆయన చేతికందేలా పంపాలి. దాంతోపాటు రాకెట్లకు తీగలు అల్లేవాణ్ణి. మేం దాన్ని గట్టింగ్ అంటాం. కొత్తగా చేరినవాళ్ళకు ఎలాంటి రాకెట్ కొనాలో చెప్పేదీ నేనే.

చెప్పడమైతే చెప్పేవాణ్ణి గానీ వినేవాళ్ళు తక్కువ. నిన్నగాక మొన్న ఆట మొదలుపెట్టిన పెద్దమనిషి టీవీలో ఆడేవాళ్ళు పట్టుకునేలాంటిది కొనుక్కొచ్చేవాడు. బరువు ఎక్కువ, తల చిన్నది. అలాంటిది బంతి సరిగ్గా నడిమధ్యన తగిలితేనే మాట వింటుంది. వేలెడు పక్కకు తగిలిందా, ఆ అదురంతా మోచేతికే. తా దూర సందు లేదు, మెడకో డోలు. నేను మొహమ్మీదే అనేవాణ్ణి, "సార్, గిది మీ ఆటకు గాదు. తల పెద్దగుండి తేలిగ్గున్నది తెచ్చుకోండి. తీగలు జర లూజుగ పెడత" అని. చాలామంది మొహం మాడ్చుకునేవారు. తన ఆట ఏ మెట్టు మీద ఉందో వినడం ఎవరికీ ఇష్టం ఉండదు. నాకు నోటి దురుసు ఉంది, కాదనను. కానీ ఆ దురుసు వల్ల బాగుపడ్డ చేతులు చాలానే ఉన్నాయి.

నా చెయ్యి మాత్రం వాటిలో లేదు. పోయిన వానాకాలంలో నొప్పి మొదలైంది. మొదట నల్లా తిప్పుతుంటే మోచెయ్యి లాగింది. తర్వాత అన్నం కలపడం కష్టమైంది. పప్పూ అన్నం కలిపి ముద్ద చేయబోతే ముంజేతి దాకా మంట. ఒకరోజు చెంచా అడిగితే నా భార్య వింతగా చూసింది.

"ఏంది, సార్లతోటి తిరిగి తిరిగి నువ్వు గూడ సారువైనవా?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. వారం గడిచాక ఆమె నవ్వడం మానేసింది. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించిన నూనె తెచ్చి మోచేతికి రాయడం మొదలుపెట్టింది. దవాఖానలో డాక్టరమ్మ చెయ్యి ఒత్తి చూసి, ఆరు నెలలు రాకెట్ ముట్టుకోవద్దంది. ఆరు నెలలు! ఆ మాట ఆమె నోట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆడలేని మార్కర్‌ను ఏ క్లబ్బు ఉంచుకుంటుంది? తొండుపల్లిలో మా ఇల్లు నడిచేది ఆ ఒక్క పని మీదే. నలభై ఆరేళ్ళ వయసులో ఇంకొకటి నేర్చుకుందామన్నా, బంతిని వెనక్కి పంపడం తప్ప నాకేం తెలుసు?

మాత్రలు మింగుతూ ఇంకో మూడు నెలలు ఆడాను. తేలికపాటి రాకెట్‌కు మారితే కొంత నయంగా ఉండేది. మారలేదు. మార్కర్ చేతిలో నేర్చుకునేవాళ్ళ రాకెట్ కనిపిస్తే సంగతి అందరికీ అర్థమైపోతుందని భయం. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు తెలుసు, తెలిసే దాచుకున్నాను.

ఒక పొద్దున సర్వీసు చేస్తుంటే రాకెట్ చేతిలోంచి జారి ఎగిరి నెట్‌కు తగిలింది. క్లబ్బు సెక్రటరీగారు చూశారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన మనిషి, ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనరు.

"ఏమయ్యా, ఒంట్లో బాగోలేదా?" అన్నారు.

"జ్వరం సార్. పదిహేను రోజులు సెలవియ్యండి" అన్నాను.

"సరే, తీసుకో. ఈలోగా ఇంకొకతన్ని పెడతాను. అతను బాగా ఆడితే అప్పుడు ఆలోచిద్దాం."

అంత మెత్తగా అన్నా ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

మర్నాడే కొత్త మనిషి బండి మీద వచ్చాడు. రావిర్యాల అతను, ముప్పై ఏళ్ళుంటాయి, సన్నటి చేతులు. ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పేవాడట, అక్కడ తీసేశారట. అతని పాత రాకెట్‌కు ఫ్రేమ్ పగిలి ఉంది. సెక్రటరీగారు నాకే పురమాయించారు. "స్టోర్ రూములో సభ్యులు వదిలేసినవి ఉన్నాయి కదా, ఇతనికి తగింది చూసి ఇచ్చి వెళ్ళు."

స్టోర్ రూములో అతను నా వెనకే నిలబడి అన్నాడు, "నాది మామూలు ఆటనే అన్నా. పిల్లలకు నేర్పినోన్ని. నువ్వేది చెప్తే గదే పట్టుకుంట."

పద్దెనిమిదేళ్ళలో తన ఆట గురించి ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి అతనొక్కడే.

అతనికి సరిపోయే రాకెట్ నా కళ్ళెదుటే ఉంది. నీలం రంగుది, తల పెద్దది, తేలికైనది. చెయ్యి చాచి దాన్ని మిగతావాటి వెనక్కి నెట్టాను. నా బరువు రాకెట్ తీసి అతని చేతిలో పెట్టాను.

"నీ చెయ్యి చూస్తేనే తెలుస్తుంది, నువ్వు పెద్ద ప్లేయర్‌వి. నీకు గిదే కరెక్టు. గట్టింగ్ కొత్తగ ఏసి పొద్దుగాల ఇస్త" అన్నాను.

అతని మొహం వెలిగింది. నా మీద నాకే రోత పుట్టింది. అయినా ఆగలేదు. ఉన్నవాటిలో బిరుసైన తీగ ఎంచాను. అతని చేతికి యాభై పౌండ్ల బిగువు దాటకూడదు, అరవై దాకా బిగించాను. కుడిచేత్తో గట్టింగ్ మిషన్ తిప్పలేక మధ్యాహ్నమంతా ఎడమచేత్తోనే తిప్పాను. అతని చెయ్యి అలిసిపోవాలి, ఆట చెడాలి, పదిహేను రోజులయ్యేసరికి సెక్రటరీగారు నాకోసం కబురు పెట్టాలి. నా ఆశ అంతే. పాపమని తెలుసు. ఉద్యోగం పోతుందన్న భయం ముందు పాపం చిన్నదిగా కనిపించింది.

ఇంట్లో కూర్చున్నాను. నెత్తి మీద విమానాలు పోతూనే ఉన్నాయి, నాకు మాత్రం పొద్దు పోవడం లేదు. నా భార్య నూనె రాస్తూ కళ్ళు మూసుకుని, "ప్రభువా, గీ చెయ్యి మంచిగ జెయ్యి" అంటుంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నొప్పి అనుకుంది. నేనూ అదే అన్నాను.

పదో రోజుకు ఉండబట్టలేక క్లబ్బుకు వెళ్ళాను. గేటు దగ్గర షేరాటోలోంచి అతను దిగుతున్నాడు, ఎడమ భుజానికి నా రాకెట్ తగిలించుకుని.

"బండేమైంది?" అన్నాను.

"ఎక్సలేటర్ తిప్పుతుంటే చెయ్యి గుంజుతుందన్నా. జ్వరం తగ్గిందా నీకు?"

తల ఊపాను. లోపలికి నడుస్తూ అతనే గొంతు తగ్గించి చెప్పాడు. "నువ్వు నన్ను పెద్ద ప్లేయర్ అన్నవ్ గదా. గా రాకెట్‌కు నా ఆట సరిపోతలేదన్నా. అందుకే రోజూ గంట ముందొచ్చి గోడకు కొడుతున్న. ఎట్లనన్న నేర్చుకుంట."

నొప్పి చేతితో రోజుకో గంట ఎక్కువ. నేను చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికి. కోర్టు పక్క బెంచీ మీద కూర్చున్నాను.

సెక్రటరీగారు మమ్మల్ని చూసి వచ్చారు. "వచ్చావా, మంచిదైంది. ఇతని ఆట అంతంతమాత్రంగా ఉంది. సోమవారం నుంచి నువ్వు వచ్చెయ్యి" అన్నారు.

నేను కోరుకున్న మాట అదే. పది రోజులు దానికోసమే బతికాను. కొత్త మనిషి తల దించుకుని రాకెట్ నాకు అందించాడు. సరేనంటే చాలు, ఇంటికి నవ్వుతూ పోవచ్చు. రాకెట్ పట్టుకుని లేచాను.

స్టోర్ రూములోకి వెళ్ళి కత్తెర తెచ్చాను. వాళ్ళిద్దరి ముందే రాకెట్‌ను మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడమచేత్తో నడిమధ్య నుంచి తీగలు ఒక్కొక్కటే కత్తిరించాను. బిగువుకు ప్రతి తీగా టప్పున తెగింది.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు సెక్రటరీగారు.

"ఇతని ఆటల తప్పు లేదు సార్. నేనే తప్పుడు రాకెట్ ఇచ్చిన. తీగలు గూడ కావాలనే గట్టిగ బిగించిన. జ్వరం అబద్ధం. నా చెయ్యి పోయి శానా దినాలాయె. నేను ఇగ ఆడలేను."

ఆయన వెనక్కి తిరిగి ఆఫీసు వైపు వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

నీలం రాకెట్ తెచ్చి అతనికిచ్చాను. "నీ ఆటకు గిది సరిపోతది. పది దినాలు చేతికి రెస్ట్ ఇయ్యి, సార్‌కు చెప్పి. లూజుగ గట్టింగ్ ఏసినంక పట్టుకో" అన్నాను. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా పడేవాణ్ణి. అతను రాకెట్ పక్కన పెట్టి, కుడి మోచెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూశాడు.

"మల్ల మంచిగైతదా అన్నా?"

"నీది అయితది" అన్నాను.